చలికాలంలో మైలేజీ ఎక్కడికి పోతుంది?

చికాగోలో జనవరి తెల్లవారుజామున మైనస్ 7 డిగ్రీలంటే ఎవరూ వింతగా చూడరు. ఆ నెలలో అక్కడి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున కాస్త అటూఇటుగా అంతే ఉంటుంది. చలిలో కార్ల మైలేజీ చూడడానికి అమెరికా ప్రభుత్వం ఎంచుకున్న ఉష్ణోగ్రతా అదే: 20 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 7. అక్కడి ఇంధన శాఖ చెప్పేదాని ప్రకారం, 25 డిగ్రీల దగ్గర వచ్చే మైలేజీతో పోలిస్తే ఆ చలిలో మామూలు పెట్రోలు కారు సిటీ మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది. లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే కారు 11 ఇస్తుంది. అదే కారుని అదే చలిలో 5, 6 కిలోమీటర్ల చిన్న ట్రిప్పులకే తిప్పితే తగ్గుదల 24 శాతం దాకా పోతుంది. అప్పుడు 10 కూడా రాదు.

ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే అసలు విషయం ఉంది. కారు మారలేదు, చలి మారలేదు, మారింది దూరం ఒక్కటే. చలికి మైలేజీ తగ్గిందని అందరూ అంటారు కానీ, చలి విడిగా చేసే నష్టం కన్నా చలి, చిన్న ట్రిప్పు కలిసి చేసే నష్టం చాలా పెద్దది. డెట్రాయిట్, మినియాపోలిస్, టొరంటో వైపు స్థిరపడిన మనవాళ్ల రోజువారీ తిరుగుడు చూస్తే సరిగ్గా ఇలాగే ఉంటుంది. పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపి ఇంటికి రావడం, మధ్యాహ్నం ఇండియన్ స్టోర్‌కి వెళ్లి కూరగాయలు తెచ్చుకోవడం, సాయంత్రం కూచిపూడి క్లాసుకో సంగీతం క్లాసుకో తీసుకెళ్లడం. మొత్తం దూరం కలిపితే 30 కిలోమీటర్లు ఉండదు. ఇంజన్ మాత్రం మూడుసార్లు చల్లబడి మూడుసార్లు మొదటి నుంచి వేడెక్కాలి.

రాత్రంతా మంచులో నిలబడ్డ కారుని స్టార్ట్ చేసినప్పుడు మొదటి పేచీ పెట్రోలుతోనే. పెట్రోలు ద్రవంగా ఉన్నంతసేపు మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. ఇంజన్ వేడిగా ఉంటే ఇంజక్టర్ చిమ్మిన పెట్రోలు క్షణంలో ఆవిరైపోతుంది. లోపలంతా గడ్డకట్టే చల్లదనం ఉంటే చాలా భాగం ఆవిరి కాకుండా సిలిండర్ గోడలకి, వాల్వుల వెనక తడిలా అంటుకుంటుంది. మండడానికి సరిపడా ఆవిరి దొరకాలంటే ఇంకాస్త ఎక్కువ చిమ్మాలి. ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ అదే చేస్తుంది. మామూలుగా కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి లెక్కన కలిపేది, చలి స్టార్టింగ్‌లో ఆ లెక్క పక్కన పెట్టేసి పెట్రోలు పాలు పెంచుతుంది. డిసెంబరు పొద్దున్నే స్కూటర్‌కి చోక్ లాగి కిక్కు కొట్టినవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక బండ్లు చాలావరకు ఇంజక్షన్‌కి మారి చోక్ మీట కనిపించడం మానేసింది కానీ, చోక్ చేసే పని ఎక్కడికీ పోలేదు. మనకి తెలియకుండా జరుగుతోంది, అంతే.

అలా అదనంగా పోసిన పెట్రోలంతా మండదు. కొంత సైలెన్సర్ దారిన బయటికి పోతుంది. కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. చలికాలమంతా దగ్గర దూరాలే తిరిగిన కారులో ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే ఒక్కోసారి పెట్రోలు వాసన వచ్చేది ఇందుకే. ఇంజన్ బాగా వేడెక్కేంత దూరం వెళ్తే ఆ పెట్రోలు ఆయిల్లోంచి ఆవిరైపోతుంది. వెళ్లకపోతే అక్కడే పేరుకుంటుంది.

దీనికి తోడు పొగ గొడవ ఒకటుంది. కాలుష్యాన్ని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ సుమారు 250, 300 డిగ్రీలకి చేరితే గానీ సరిగా పని మొదలుపెట్టదు. దాన్ని త్వరగా వేడెక్కించడానికి కంప్యూటర్ కావాలనే స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది, ఐడ్లింగ్ వేగం, అంటే కారు నిలబడి ఉండగా ఇంజన్ తిరిగే వేగం, పెంచుతుంది. చక్రాలకి అందాల్సిన శక్తిలో కొంత అలా సైలెన్సర్‌లోకి వేడిగా పోతుంది. చలి పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ కాసేపు గట్టిగా మోగి, ఆపైన మామూలు శబ్దానికి దిగేది ఇందువల్లే. దీన్ని దుబారా అని తిట్టుకోవడం న్యాయం కాదు, ఊపిరితిత్తుల కోసం కడుతున్న ఖర్చు అది.

ఇక ఆయిలు. వేడి మీద జారిపోయే బెల్లం పాకం చల్లారితే ఎలా సాగుతుందో, ఇంజన్ ఆయిలు కూడా చలికి అలాగే చిక్కబడుతుంది. పిస్టన్లు, క్రాంక్ షాఫ్టు, ఆయిల్ పంపు అన్నీ ఆ చిక్కటి ఆయిల్లోనే ఈదాలి. అందుకే చలి దేశాల్లో 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి ఆయిళ్లు వాడతారు. డబ్ల్యూ ముందు అంకె ఎంత తక్కువుంటే ఆ ఆయిలు చలిలో అంత తేలిగ్గా కదులుతుంది. మన బైకుల్లో ఏళ్ల తరబడి పోస్తూ వచ్చిన 20డబ్ల్యూ-40 మినియాపోలిస్ జనవరిలో పోస్తే సెల్ఫ్ మోటారే మొరాయిస్తుంది. ఒక్క ఇంజనే కాదు, గేర్‌బాక్సులో ఆయిలు, చక్రాల బేరింగుల్లో గ్రీజు కూడా బిగుసుకుంటాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు అయితే ఆయిలు వేడెక్కేదాకా పై గేర్లకి ఆలస్యంగా మారుతుంది. ఇంజన్‌నీ గేర్లనీ నేరుగా కలిపే లాకప్ కూడా ఆలస్యంగానే పడుతుంది. స్పీడోమీటర్ పక్కన ఆర్‌పీఎమ్ ముల్లు చూస్తూ వెళ్తే ఇది కంటికే కనిపిస్తుంది. అదే వేగానికి ముల్లు రోజూ కన్నా పైన నిలబడుతుంది.

ఈ నష్టం దూరం మీద ఎందుకు ఇంతగా ఆధారపడుతుందో ఉజ్జాయింపు లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక మాదిరి కారు ఇంజన్లో 120 కిలోల లోహం, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ 6 లీటర్లు, 4 లీటర్ల ఆయిలు ఉన్నాయనుకుందాం. వీటన్నిటినీ మైనస్ 7 నుంచి 90 డిగ్రీలకి తేవడానికి దాదాపు 10 మెగాజౌళ్ల వేడి కావాలి. 25 డిగ్రీల నుంచి మొదలైతే అందులో మూడింట రెండు వంతులు చాలు. లీటరు పెట్రోల్లో ఉండేది 32, 33 మెగాజౌళ్లు. అంటే మూడో వంతు లీటరు పెట్రోలు ఇనుము కాచడానికే పోయిందా అంటే, అలా కాదు. పెట్రోలు ఇంజన్ ఎప్పుడూ తాగినదాంట్లో సగానికి పైగా వేడిగా పారేసేదే. ఆ పారేసే వేడితోనే తను కాగుతుంది, కాబట్టి ఆ వేడికి విడిగా ఖర్చు లేదు. ఖర్చంతా సమయంలో ఉంది. కాగాల్సింది ఎక్కువైన కొద్దీ చిక్కటి ఆయిలు, ఎక్కువ పెట్రోలు, ఆలస్యపు గేర్లు ఉండే దశ సాగుతుంది. 100 కిలోమీటర్లు వెళ్లే కారుకి ఆ దశ మొదట్లోనే అయిపోతుంది, మిగతా దారి మీద దాని ప్రభావం కరిగిపోతుంది. 4 కిలోమీటర్లు వెళ్లే కారుకి ప్రయాణమంతా ఆ దశే. డాష్‌బోర్డు మీద కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినా పని పూర్తయినట్టు కాదు, ఆయిలు అంతకన్నా ఆలస్యంగా కాగుతుంది.

అందుకే మూడు పనులు మూడుసార్లుగా కాకుండా ఒక్క తిరుగుడులో ముగించుకుంటే వచ్చే ఆదా, ఆయిలు బ్రాండ్లు మార్చి ఏవేవో ద్రవాలు ట్యాంకులో పోసినా రాదు. కెనడాలో విన్నిపెగ్, ఎడ్మంటన్ లాంటి చోట్ల కార్ల ముందు గ్రిల్ లోంచి కరెంటు ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది. అది ఇంజన్ బ్లాక్ హీటరు. రాత్రంతా పెట్టి ఉంచితే కరెంటు దండగ. టైమర్ పెట్టి బయల్దేరే ముందు రెండు గంటలు నడిపిస్తే చాలు, ఇంజన్ సగం దారి వేడెక్కే ఉంటుంది.

బయల్దేరే ముందు కారుని పదిహేను, ఇరవై నిమిషాలు అలా ఆన్‌లో ఉంచడం ఇంకో అలవాటు. రిమోట్ స్టార్ట్ వచ్చాక ఇది మరీ పెరిగింది. కదలని కారు మైలేజీ సున్నా, అందులో తర్కించాల్సింది ఏమీ లేదు. పైగా ఐడ్లింగ్‌లో ఇంజన్ మీద బరువు ఉండదు కాబట్టి నెమ్మదిగా కాగుతుంది. నడుపుతూ వెళ్తేనే త్వరగా వేడెక్కుతుంది. ఇప్పటి ఇంజక్షన్ కార్లకి అర నిమిషం ఆగి, మొదటి కొన్ని కిలోమీటర్లు మెల్లగా పోనిస్తే సరిపోతుందని అమెరికా ఇంధన శాఖ సలహా. కార్బ్యురేటర్ల కాలంలో వేడెక్కకుండా కదిపితే బండి మధ్యలో ఆగిపోయేది, ఆ కాలపు జాగ్రత్త ఈ కాలానికీ అలవాటుగా వచ్చేసింది. అలాగని అద్దం మీద మంచు గడ్డకట్టి ముందు ఏమీ కనపడనప్పుడు అర నిమిషంలో బయల్దేరమనడం కూడా తెలివైన మాట కాదు. చూపు కోసం కాల్చే పెట్రోలు వేరు, సీటు వెచ్చగా ఉండడం కోసం కాల్చే పెట్రోలు వేరు.

ఇంజన్ పూర్తిగా కాగాక కూడా వదలని నష్టాలు కొన్ని ఉన్నాయి. వాటిలో పెద్దది గాలి. మైనస్ 7లో గాలి 25 డిగ్రీల గాలి కన్నా 12 శాతం చిక్కగా ఉంటుంది. కారుని గాలి వెనక్కి నెట్టే బలం కూడా అంతే పెరుగుతుంది. హైవే మీద ఇంజన్ చేసే పనిలో సగం దాకా గాలిని చీల్చడానికే పోతుంది కాబట్టి, ఒక్క దీనివల్లే 5, 6 శాతం తేడా రావొచ్చు. చల్లటి గాలిలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి మైలేజీ పెరగాలి కదా అని వాదించేవాళ్లు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒకరుంటారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు పికప్ పెరిగే మాట నిజమే. కానీ రోజూ నడిపే కారుకి పూర్తి బలం అక్కర్లేదు. చిక్కటి గాలి ఎక్కువైపోకుండా థ్రాటిల్‌ని, అంటే ఇంజన్లోకి గాలి వెళ్లే దారిలోని తలుపుని, ఇంకాస్త మూసి ఉంచాల్సి వస్తుంది. మూసిన దారిలోంచి గాలి లాగడానికి పిస్టన్లు మరింత కష్టపడాలి. పికప్ పెరిగి మైలేజీ తగ్గడం రెండూ ఒకే కారులో ఒకేసారి జరుగుతాయి.

టైర్ల గురించి అందరూ చెబుతారు, చెప్పినంత పెద్ద దోషి మాత్రం కాదు. సెప్టెంబరులో 25 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ గాలి కొట్టించుకున్న టైరు మైనస్ 7కి వచ్చేసరికి, ఎక్కడా లీకు లేకపోయినా, 28 దగ్గర ఉంటుంది. ఒక్కో పీఎస్ఐ తగ్గుదలకి మైలేజీ 0.2 శాతం పడుతుందని అదే ఇంధన శాఖ లెక్క. ఐదుకి కలిపి ఒక్క శాతం. చూసుకోవాల్సింది ఇంకోటుంది. అమెరికా నిబంధనల ప్రకారం డాష్‌బోర్డు మీద టైరు లైటు వెలగాల్సింది గాలి కంపెనీ చెప్పినదాని కన్నా 25 శాతం తగ్గినప్పుడు. 33కి 28 అంటే ఇంకా లైటు వెలగదు. లైటు లేదు కదా అని చలికాలమంతా తక్కువ గాలితో తిరిగేస్తారు, దానికి టైరు అంచులు అరిగిపోవడం మైలేజీ కన్నా పెద్ద నష్టం.

పెట్రోలు కూడా అదే పెట్రోలు కాదు. చలిలో తేలిగ్గా ఆవిరి కావడానికి అమెరికా రిఫైనరీలు చలికాలపు పెట్రోల్లో బ్యూటేన్ అనే తేలికపాటి ఇంధనం ఎక్కువ కలుపుతాయి. అది చవక, త్వరగా ఆవిరవుతుంది, కానీ గ్యాలన్‌కి ఇచ్చే శక్తి తక్కువ. ఎండాకాలపు పెట్రోల్లో చలికాలపు దానికన్నా 1.7 శాతం ఎక్కువ శక్తి ఉంటుంది. వీటికి తోడు రోడ్డు మీద మంచు, మెత్తటి రబ్బరుతో చేసిన వింటర్ టైర్లు, పెద్ద రాత్రుల వల్ల ఎక్కువసేపు వెలిగే లైట్లు, వెనక అద్దం హీటరు, సీటు హీటర్లు, చలికి సగం నీరసించిన బ్యాటరీని మళ్లీ నింపే ఆల్టర్నేటర్. ఒక్కొక్కటీ చిన్నదే.

పెట్రోలు కారులో క్యాబిన్ హీటరు మాత్రం ఇంచుమించు ఉచితం. ఇంజన్ ఎటూ పారేసే వేడినే లోపలికి ఊదుతుంది. ఆ ఉచితం విలువేంటో హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో తెలుస్తుంది. పెట్రోలు ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉండే హైబ్రిడ్ కారు గొప్పతనమంతా వీలైనప్పుడల్లా ఇంజన్ ఆపేయడంలో ఉంది. చలిలో లోపల వెచ్చగా ఉంచడానికీ, కేటలిటిక్ కన్వర్టర్ చల్లబడకుండా ఉండడానికీ ఆ ఇంజన్ నడుస్తూనే ఉండాల్సి వస్తుంది. చల్లటి బ్యాటరీ బ్రేకు వేసినప్పుడు తిరిగొచ్చే కరెంటుని కూడా పూర్తిగా తీసుకోలేదు. అందుకే మామూలు కారు 15 నుంచి 24 శాతం కోల్పోయే చోట హైబ్రిడ్‌కి 30 నుంచి 34 శాతం దాకా పోతుంది. అంత పోయాక కూడా దాని మైలేజీ మామూలు కారు కన్నా మెరుగ్గానే ఉంటుంది, అది వేరే సంగతి.

ఎలక్ట్రిక్ కారులో పారేసే వేడి చాలా తక్కువ. 2019లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ చేసిన పరీక్షల్లో మైనస్ 7 దగ్గర హీటరు లేకుండా నడిపితే రేంజి, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం, 12 శాతం తగ్గింది, హీటరు వేస్తే 41 శాతం తగ్గింది. చలికి బ్యాటరీ పాడైపోతోందన్న భయం చాలామందికి ఉంది కానీ, ఆ రెండు అంకెలు చూస్తే కరెంటుని ఎక్కువగా తాగుతున్నది హీటరే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: మోటారు కిలోమీటర్ల లెక్కన తింటుంది, హీటరు గంటల లెక్కన తింటుంది. 100 కిలోమీటర్లకి 15 యూనిట్లు తీసుకునే కారు గంటకి 30 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే మోటారుకి సగటున నాలుగున్నర కిలోవాట్లు చాలు. పూర్తిగా వేస్తే హీటరు ఒక్కటే 5 కిలోవాట్లు లాగగలదు. మంచు కురిసి ట్రాఫిక్ పాకుతున్నప్పుడు బ్యాటరీ శాతం చూస్తుండగానే పడిపోయి టెన్షన్ పెట్టేది ఇందుకే. బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంపు ఉన్న కార్లలో ఈ బాధ కొంత తక్కువ.

2024 జనవరిలో చికాగో చుట్టుపక్కల చార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు బారులు తీరిన వార్త అందరూ చూశారు. రేంజి తగ్గడమే కాదు, గడ్డకట్టిన బ్యాటరీ త్వరగా చార్జింగ్ తీసుకోదు. బలవంతంగా ఎక్కిస్తే లోపల లిథియం లోహంలా పేరుకుని సెల్స్ దెబ్బతింటాయి కాబట్టి కారే వేగం తగ్గించేస్తుంది. చార్జర్ దగ్గరికి చేరేలోపే బ్యాటరీని వేడి చేసుకునే ఏర్పాటు చాలా కార్లలో ఉంది, వాడుకోవడం తెలిసి ఉండాలి. ఆ ఫోటోలు చూసి చలి దేశాల్లో ఎలక్ట్రిక్ కార్లు పనికిరావని తేల్చేయడం మాత్రం తొందరపాటు. చికాగో కన్నా ఉత్తరాన ఉన్న నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్ కార్లే. అక్కడ ఎక్కువమంది రాత్రిపూట ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకుంటారు.

డీజిల్‌ది ఇంకో దారి. దానికి థ్రాటిల్ బెడద లేదు, కానీ డీజిల్లో ఉండే మైనం చలికి గడ్డలు కట్టి ఫిల్టరుకి అడ్డం పడుతుంది. అప్పుడు సమస్య మైలేజీ కాదు, బండి కదలడమే. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిల్ తెచ్చింది ఇందుకోసమే.

మరి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డిసెంబరులో మైలేజీ తగ్గిందని అనిపిస్తే? హైదరాబాద్ చలికాలపు పొద్దుటి ఉష్ణోగ్రత మామూలుగా 12, 15 డిగ్రీలు, మధ్యాహ్నానికి 28 దాటుతుంది. ఆదిలాబాద్, లంబసింగి వైపు తెల్లవారుజామున స్టార్ట్ చేసే బండికి తప్ప ఇంజన్‌కి అది చలే కాదు. పైగా ఏసీ ఆపేస్తారు కాబట్టి మైలేజీ కొంచెం పెరగాలి కూడా. బాగా ఎండలో చిన్న ట్రిప్పులకి ఏసీ వేస్తే పెట్రోలు కారు మైలేజీ 25 శాతానికి పైగా కూడా పడిపోవచ్చని అమెరికా లెక్కలే చెబుతున్నాయి. అంటే చికాగోకి జనవరి ఎలాగో మనకి మే అలాగ. డిసెంబరులోనూ తగ్గుతోందంటే వెతకాల్సింది వేరే చోట: ఎయిర్ ఫిల్టరు, బ్రేకులు పట్టేయడం, ట్రాఫిక్, ఆ తర్వాత పెట్రోలు బంకు. ఇథనాల్లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్లో, అసలేమీ కలపనిదానితో పోలిస్తే లీటరుకి 6, 7 శాతం శక్తి తక్కువ. 10 శాతం కలిపినదానితో పోలిస్తే మూడు, మూడున్నర శాతం తక్కువ. 2025 నాటికి దేశమంతా వచ్చేసిన ఈ పెట్రోలు మీద ఆ తేడా డిసెంబరులో ఎంతో మేలోనూ అంతే.